తొలకరి పూసుకున్నవాడు

పెళ్లయినప్పటి నుంచీ లాస్య పొద్దున్నే చేసే మొదటి పని, విహారి చెవి వెనక ముక్కు పెట్టి వాసన చూడటం. పళ్లు తోముకోవడం, కాఫీ, మిగతా ప్రపంచం అన్నీ ఆ తర్వాతే.

ఆ రోజు కిటికీ రెక్క తెరిచే ఉంది. నల్లమల మీద ఇంకా ఎండ పడలేదు. చెట్ల కింద రాలిన ఇప్పపూల తీపి వాసన అతిథిగృహంలోకి మెల్లగా వచ్చి, దోమతెర పట్టుకుని ఊగుతున్నట్టుగా ఉంది. విహారి దిండు కింద చెయ్యి పెట్టుకుని బోర్లా పడుకుని ఉన్నాడు. లాస్య మోచేతి మీద లేచి, గాజులు చప్పుడు కాకుండా రెండో చేత్తో అదిమిపట్టి, ఊపిరి బిగబట్టి వంగింది.

తొలకరి వాన. ఎండాకాలమంతా మాడిన నేల మీద మొదటి చినుకులు పడ్డప్పుడు లేస్తుందే, ఆ వాసన. పెళ్లిపీటల మీద తలంబ్రాలు పోస్తుంటే మొదటిసారి తగిలింది. అప్పటి నుంచీ రోజూ అదే. కానీ ఇవాళ ఆ వాన అడుగున, తలుపు అవతల ఎవరో వచ్చి నిలబడ్డట్టు, మరొకటేదో ఉంది. గట్టిగా పీల్చబోతే తప్పుకుంది.

"వచ్చానా?" అన్నాడు విహారి కళ్లు తెరవకుండానే.

"గుమ్మం దాకా వచ్చారు. చెప్పులు విప్పుతున్నారు."

"కాళ్లకి నీళ్లివ్వు మరి."

లాస్య దిండులో మొహం దాచుకుని నవ్వింది. కొత్త పెళ్లికూతుళ్లు మొగుడి సెలవుల కోసం ఎదురుచూస్తారు, ఉత్తరాల కాలంలో ఉత్తరాల కోసం చూసేవాళ్లట. తను మాత్రం పక్కనే ఉన్న మొగుడి వాసన కోసం ఎదురుచూస్తోంది. మనిషి వచ్చేశాడు, వాసన ఇంకా దారిలో ఉంది. ఇలాంటి కాపురం తన స్నేహితురాళ్లలో ఇంకెవరికైనా ఉందా అని తలుచుకుంటే ఆమెకి గర్వంగా కూడా ఉంటుంది.

పెళ్లయిన మర్నాడు ఆమె సిగ్గుపడుతూ అడిగిన మొదటి ప్రశ్న, మీరు వాడే సెంటు పేరేమిటని. విహారి ఆమె అరచెయ్యి తెరిచి, దాని మీద వేలితో గీతలు గీస్తూ చెప్పుకొచ్చాడు. చర్మం మీద కంటికి కనిపించని జీవులు కోట్ల కొద్దీ కాపురముంటాయి. ఏ మనిషి మీద ఏవి ఎన్ని ఉంటే, అదే ఆ మనిషి వాసన. అతను పనిచేసే నీలంపెంట జాతీయ వనంలో, అడవి మట్టిలో బతికే జీవులతో ఒక లేపనం తయారుచేశారు. అది పూసుకుంటే ఒంటి మీది పాత కాపురాలన్నీ ఖాళీ అవుతాయి, మట్టిజీవులు వచ్చి దిగుతాయి. ఇక ఆ మనిషి దగ్గర మనిషి వాసన రాదు, నేల వాసన వస్తుంది. నెమ్మదిగా నడిస్తే దుప్పి తల ఎత్తదు. పులి కూడా, రాయిని తప్పుకున్నట్టు తప్పుకుని పోతుంది.

అంతకుముందు నీలంపెంటలో సఫారీ అంటే జీపులే. పులి కనబడిందని ఒక డ్రైవరుకి తెలిస్తే చాలు, అడవిలో ఉన్న జీపులన్నీ అక్కడికే పరుగెత్తేవి. ఆ దుమ్ముకీ రొదకీ తల్లిపులులు పిల్లల్ని నోట కరుచుకుని చోటు మార్చి, మళ్లీ మార్చి, చివరికి ఎక్కడో పోగొట్టుకునేవి. లేపనం వచ్చాక జీపులు ఆపేశారు. రోజుకి కొద్దిమంది, అది పూసుకుని, కాలినడకన. రెండు మూడు కాన్పులు తిరిగేసరికి వాగు ఒడ్డున మళ్లీ పులిపిల్లల అడుగులు పడ్డాయి.

అయితే లేపనం ఊరికే పని చెయ్యదు. దాన్ని కడిగేశాక, వెంట్రుకల కుదుళ్లలో దాక్కున్న పాతజీవులు బయటికొచ్చి మళ్లీ ఇల్లు సర్దుకుంటాయి. కానీ పూసుకున్న ప్రతిసారీ తిరిగొచ్చేవి తగ్గిపోతాయి. అందుకే చూడ్డానికి వచ్చేవాళ్లకి జీవితంలో ఒక్కసారే. ఉద్యోగులకైతే మధ్యలో నెలల కొద్దీ విరామం ఉండాలి. విహారి పని ఉచ్చుల్లో చిక్కిన జంతువుల్ని విడిపించడం. ఉచ్చుకి విరామం తెలియదు కదా అంటూ రెండేళ్లు వరసగా పూసుకున్నాడు. పెళ్లి కుదిరాకే ఆపాడు.

కాఫీ వేళకి మార్కాపురం నుంచి ఫోన్ వచ్చింది. విహారి తల్లి సుభద్రమ్మ రోజూ ఆ వేళకే చేస్తుంది. కొడుకుతో రెండు మాటలు, కోడలితో ఇరవై.

"వచ్చాడా అమ్మాయ్?"

"గుమ్మంలో ఉన్నారత్తయ్యా."

అవతల ఆమె తృప్తిగా నిట్టూర్చింది. రోజుకొక గుర్తు చెప్పడం ఆమెకి అలవాటు. మొన్న, తడిగుడ్డతో తుడిచి ఎండలో పెట్టిన పలక వాసన అంది. నిన్న, జేబు నిండా వేయించిన శనగలు పోసుకుని ఆడొచ్చిన పిల్లాడి వాసన అంది. ఇవాళ, ఉతికిన చొక్కాలో కూడా మెడపట్టీ దగ్గర కాస్త మిగిలి ఉండేదని చెప్పింది. ఎన్నడూ చూడని ఊరి గురించి వింటున్నట్టు లాస్య వింటుంది. ఆ ఊరికే తను కాపురానికి వెళ్తోంది, టిక్కెట్టు కూడా కొనేసుకుంది, బండి కదలడమే ఆలస్యం.

ఒక్కసారి మాత్రం సుభద్రమ్మ గుర్తులు చెప్పడం ఆపి వేరే మాట చెప్పింది. "పోయినేడు సెలవుకొచ్చాడు తల్లీ. మధ్యాహ్నం వరండాలో పడుకున్నాడు. నేను పక్కనే కూర్చుని వత్తులు చేసుకుంటన్నా. కళ్లు మూసుకున్నానో లేదో, పక్కన ఎవరూ లేరనిపించింది. తెరిస్తే ఉన్నాడు. మూస్తే లేడు. అట్టా ఎన్నిసార్లు తెరిచి మూసుకున్నానో."

ఆ మాట విన్న రోజు నుంచే లాస్య ఎదురుచూపులు మొదలయ్యాయి.

*

పరిశోధనశాల అంటే లాస్య ఏదో అనుకుంది గానీ, అది మద్దిచెట్ల మధ్య రేకుల కప్పు ఇల్లు. లేపనం కనిపెట్టిన డాక్టర్ కాత్యాయని గుమ్మంలోనే ఎదురొచ్చి, కొత్త పెళ్లికూతుర్ని తేరిపార చూసి, పట్టుచీరలో అడవికొచ్చిన మొదటి మనిషివి నువ్వేనంది. ఆమె దగ్గరా తొలకరి వాసనే. అక్కడ అందరి దగ్గరా అదే. విహారి ఎవరితోనో మాట్లాడటానికి పక్కగదిలోకి వెళ్తే, అంతమందిలో అతన్ని ముక్కుతో పట్టుకోలేనని తెలిసి లాస్య అతని గొంతు వినబడే వైపుకి జరిగి నిలబడింది.

డాక్టరు విహారి చెవుల వెనక దూదిపుల్లతో తుడిచి యంత్రంలో పెట్టింది. కాసేపటికి తెర మీద గోధుమరంగు చుక్కలు సముద్రంలా పరుచుకున్నాయి. వాటి మధ్య, దీవుల్లాగా, అక్కడక్కడా నీలం.

"గోధుమరంగువన్నీ మట్టి. ఇదిగో, ఈ నీలం నీ మొగుడు" అంది డాక్టరు.

లాస్య నీలిచుక్కలకి చెయ్యి ఊపింది. విహారి తల పట్టుకున్నాడు. డాక్టరు నవ్వాపుకుంటూ, నవ్వే విషయం కాదన్నట్టు కళ్లద్దాలు సరిచేసుకుంది.

"చాలా తక్కువమంది ఉన్నారు. వీళ్లు నిలదొక్కుకుంటే మిగతావాళ్లు పుట్టుకొస్తారు. ఈలోగా ఇంకొక్కసారి లేపనం తగిలిందా, ఇక తిరిగి రావడానికి ఎవరూ మిగలరు. నాకు మిగల్లేదు."

ఆ చివరి మాట ఆమె మామూలుగానే అంది. తర్వాత టీ తాగుతూ, తన ఏడాది మనవరాలు తను ఎత్తుకుంటే ఏడవదనీ, మెడ చుట్టూ చేతులు వేసుకుని మరీ అమ్మమ్మ ఎక్కడ అన్నట్టు గదంతా చూస్తుందనీ చెప్పింది.

అడవి చూపించడం విహారి ఇస్తానన్న పెళ్లికానుక. తను వెంట నడవలేడు కాబట్టి, వాగు ఒడ్డున ఉన్న మంచె మీద కూర్చుని కెమెరా తెరల్లో చూస్తూ ఉంటాడు. లాస్యతో గురువమ్మ వెళ్తుంది. గురువమ్మ పక్క చెంచుగూడెం అమ్మాయి, మార్కాపురం కాలేజీలో డిగ్రీ చేసి సఫారీలో చేరింది. విహారిని అన్నా అంటుంది కాబట్టి లాస్య ఆమెకి వదిన. వదిన కాబట్టి ఎకసెక్కాలకి హద్దులేదు.

మల్లెపూలు వద్దు, సబ్బు వద్దు, నూనె వద్దు, కాటుక కూడా వద్దంది గురువమ్మ. చివరిగా ఒక స్టీలు డబ్బా, మరగబెట్టి ఆరబెట్టిన తెల్లని నూలుతాడు చేతికిచ్చి, పసుపుతాడు డబ్బాలో పెట్టి పుస్తెలు ఈ తాడుకి ఎక్కించుకోమంది. కొత్త పెళ్లికూతుళ్ల కోసమే ఆ ఏర్పాటు.

స్నానాలగదిలో లాస్య చాలాసేపు ఆ డబ్బా వైపు చూస్తూ నిలబడింది. పదహారు రోజుల పండగయ్యేదాకా తాడు మెడ దాటకూడదని అమ్మ ఒకటికి పదిసార్లు చెప్పింది. రోజూ పొద్దున్నే పచ్చిపసుపు నూరి దానికి రాసుకోవడం లాస్యకి కాఫీ కంటే ఇష్టంగా ఉంటోంది. వేళ్లకి అంటిన ఆ రంగు చూసుకున్నప్పుడల్లా, నాకు పెళ్లయింది అని కొత్తగా గుర్తొస్తుంది. అయినా పసుపు కూడా మట్టిలోంచి వచ్చిందే కదా, అడవి నేలకి అది పరాయిదెలా అవుతుంది అనుకుంది. వృక్షశాస్త్రంలో డిగ్రీ చదివిన బుర్ర ఆ వాదాన్ని వెంటనే ఒప్పేసుకుంది. ఆమె తాడుని చొక్కా లోపలికి తోసి, పైన లేపనం ఇంకాస్త మందంగా మెత్తుకుని, ఖాళీ డబ్బా మూత బిగించి బయటికొచ్చింది.

"తీశావా వదినా?"

"తీశాను."

*

మొదటి అరగంట లాస్యకి తను నడుస్తున్నట్టే లేదు. కాళ్లు చెప్పులు లేకుండా మెత్తటి ఆకుల మీద పడుతున్నాయి. మట్టిరంగు పైజామా, మట్టిరంగు చొక్కా, మట్టిరంగు మొహం. మోదుగుపూలు ఎర్రగా రాలుతుంటే ఒకటి ఆమె భుజం మీద పడి, కొమ్మ మీద నిలిచినట్టే నిలిచింది. సీతాకోకచిలుక ఒకటి వచ్చి చెంప మీద వాలి, ఉప్పు కోసం కాబోలు, గొట్టం చాచి తడిమి చూసి, ఏమీ దొరక్క ఎగిరిపోయింది. నీటిమడుగు దగ్గర దుప్పులు తాగుతున్నాయి. వాటిలో ఒకటి లాస్య మోచేతికి ఒళ్లు రాసుకుంటూ దాటిపోయింది. దాని కడుపులో నీళ్లు గలగలమనడం కూడా వినిపించింది.

ఇలాగే ఉంటుంది కాబోలు లేకపోవడం అనుకుంది. చచ్చిపోవడంలా కాదు, వానలా, నీడలా, అడవి ఒక ఊపిరి తీసుకుంటే అందులో కలిసిపోయి, వదిలితే మళ్లీ బయటపడుతున్నట్టుగా. ఇంతకన్నా అందమైన పెళ్లికానుక ఎవరైనా ఇవ్వగలరా. మంచె ఉన్న వైపు తిరిగి, అతను తెరలో చూస్తుంటాడని, కనీకనబడనట్టు నవ్వింది.

బయలుదేరే ముందు గురువమ్మ ఒకే ఒక్క హెచ్చరిక చేసింది. భయం వేసిందంటే చెమట పడుతుంది. ఆ చెమట లేపనం కిందనుంచి మనిషి వాసనని పైకి తోస్తుంది. "భయమేస్తే మా అన్న మొహం తలుచుకో వదినా. నవ్వొస్తది, భయం పోద్ది" అని కూడా అంది.

వాగు రేవు దగ్గర గురువమ్మ చెయ్యి పైకెత్తి ఆగింది. ఎదురుగా వెదురుపొద కదల్లేదు, అయినా అందులోంచి పులి వచ్చింది. వచ్చిందనడం కంటే, ఎండా నీడా కలిసిన చారలు కొన్ని పొదలోంచి విడిపడి నడిచాయనాలి. ఆ వెనకే రెండు పిల్లలు, ఒకదాని తోక ఒకటి పట్టుకోబోతూ. అందరూ రేవుపులి అని పిలిచే ఆ తల్లి, ఇద్దరి ముందునుంచీ నీళ్ల వైపు సాగింది. లాస్య కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ బంగారురంగు ఫోటోల్లో ఎక్కడా లేదు.

దాటి పోబోయినది ఆగింది.

తల తిప్పింది. ముక్కు ఎత్తింది. నేల వాసన మధ్య ఎక్కడో వంటిల్లు ఉంది, రోలు ఉంది, మనుషులున్న ఊరు ఉంది. అది లాస్య మెడ దగ్గర ఉంది.

తల్లి ఆలోచిస్తుండగానే పిల్లల్లో ఒకటి నేరుగా నడిచి వచ్చింది. ముందుకాళ్లు లాస్య మోకాలి మీద వేసి, నిలబడి, చొక్కా అంచు వాసన చూసింది. దాని బరువు పిల్లిపిల్లంత కాదు, మూడేళ్ల మనిషిపిల్లంత. ఎంత ముద్దొచ్చిందో అంత భయం వేసింది. వీపు మీద మొదటి చెమటచుక్క జారుతుండటం ఆమెకి స్పష్టంగా తెలిసింది. దాని వెనక ఇంకోటి. తడికి చొక్కా లోపలి పసుపు కరగడం మొదలైంది.

రేవుపులి గొంతులోంచి చప్పుడు వచ్చింది. అది చెవితో విన్నది కాదు, అరికాళ్లతో విన్నది.

"కదలమాక వదినా" అంది గురువమ్మ పెదవులు కదపకుండా. ఆమె నాలుగడుగుల అవతల ఉంది. పిల్లకి, తల్లికి మధ్యలోకి అడుగువేస్తే ఏమవుతుందో ఆమెకి తెలుసు.

లాస్య విహారి మొహం తలుచుకుంది. నవ్వు రాలేదు. చెమట ఆగలేదు. పులి చెవులు వెనక్కి వాలాయి, భుజాలు కిందికి దిగాయి.

అప్పుడు వాగు ఒడ్డున నేల లేచి నడిచింది.

ఆమెకి అలాగే అనిపించింది. తల నుంచి పాదాల దాకా చిక్కటి మట్టి కారుతున్న ఆకారం ఒకటి, తొందరన్నదే ఎరగనట్టు, నీళ్లలోంచి అడుగులో అడుగు వేసుకుంటూ వస్తోంది. మంచె మీద ఆపద కోసం ఉంచే నీళ్లు కలపని లేపనం డబ్బా మొత్తం ఒంపుకున్నట్టున్నాడు, కళ్లు తప్ప ఏమీ కనబడటం లేదు. అతను పులి పక్కనుంచి, పులి గడ్డం కిందుగా వచ్చి, పిల్లని ముట్టకుండా దానికి ఇవతల నిలబడి, వీపు పులికి పెట్టి, లాస్యని రెండు చేతులా చుట్టేశాడు.

లోకమంతా తొలకరి అయిపోయింది. పసుపు మునిగిపోయింది, చెమట మునిగిపోయింది, ఊరూ వంటిల్లూ మునిగిపోయాయి.

"ఏం లేదు" అన్నాడు చెవిలో. "మనం నేల. అంతే."

వేడిగా ఊపిరి వచ్చి అతని వీపు మీదున్న లాస్య వేళ్లకి తగిలింది. రేవుపులి అతని మెడ వెనక వాసన చూస్తోంది. పైనుంచి కింది దాకా, తీరిగ్గా, చూసింది. తర్వాత లాస్య మోకాలి మీద బరువు తగ్గింది. తల్లి పిల్లని మెడ దగ్గర కరుచుకుని, ఇంకోదాన్ని మూతితో తోసుకుంటూ వెదురులోకి వెళ్లిపోయింది. చారలు మళ్లీ ఎండా నీడా అయ్యాయి.

అప్పటిదాకా బతికితే చాలనుకున్న లాస్యకి, అతని భుజం మీద తల ఉండగానే, తను ఏం చేసిందో అర్థమైంది. ఆ గుమ్మంలో ఇక ఎవరూ లేరు.

*

విహారిని మూడు పూటలా కడిగారు. దూదిపుల్ల యంత్రంలో పెట్టిన ప్రతిసారీ తెర అంచు నుంచి అంచు దాకా గోధుమరంగే. డాక్టర్ కాత్యాయని ఎవర్నీ తిట్టలేదు. కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుని, ఇకమీదట చూడ్డానికి వచ్చేవాళ్లకి లేపనం ఇవ్వనంది. ఉచ్చులు తీసే పనికి మాత్రమే ఉంచుతానంది. సందర్శకులు మంచె మీద కూర్చుంటారు, పులి వస్తే చూస్తారు, రాకపోతే అడవి చూసి వెళ్తారు, జీపులు మాత్రం తిరిగి రావు. పైఅధికారులు ఒప్పుకోరని ఎవరో అంటే, ఒప్పిస్తానంది.

గురువమ్మ ఆ ఖాళీ డబ్బా తెరిచి చూసి, మూత పెట్టేసింది. ఆ రోజు నుంచీ ఎకసెక్కాలు మానేసింది, అదే లాస్యకి ఎక్కువ తగిలింది.

వరండాలో విహారి తల తుడుచుకుంటుంటే లాస్య ఎదురుగా నిలబడి, తాడు సంగతి తనే చెప్పేసింది. చెప్పినా ఏడుపు తీరలేదు.

"ఆలోచించడానికి టైము లేకపోయింది కదూ మీకు?" అంది. అలాగైతే కాస్త తేలిగ్గా ఉంటుందేమోనని.

"ఉంది" అన్నాడు విహారి. "మంచె దిగేముందు డబ్బా చేతిలో పట్టుకుని ఆలోచించా. అమ్మ గుర్తొచ్చింది. నువ్వు పొద్దున్నే చేసే తనిఖీ గుర్తొచ్చింది. ఆలోచించే పోసుకున్నా."

ఆమె మరింత ఏడ్చింది. అతను తువ్వాలు ఆమె మీద వేసి, నీకు వానాకాలం ఇష్టమన్నావు కదా, ఇక ఏడాది పొడుగునా అదే, గొడుగు కొనుక్కో అన్నాడు. లాస్య ముక్కు చీదుతూ నవ్వింది. కానీ ఆ మధ్యాహ్నం అతని పక్కన పడుకుని కళ్లు మూసుకున్నప్పుడు, పక్కన వాన ఉంది, మనిషి లేడు. తెరిస్తే ఉన్నాడు. చెయ్యి చాచి అతని చొక్కా పట్టుకుని, అలా పట్టుకునే నిద్రపోయింది.

సుభద్రమ్మకి ఫోన్ చేయడానికి రెండు రోజులు పట్టింది. విహారి చేస్తానంటే లాస్య ఒప్పుకోలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది, తాడుతో సహా. అవతల మార్కాపురం వీధిలో ఎవరో కూరగాయలు అమ్మడం వినిపించింది.

"నువ్వు బాగున్నావా?" అంది చివరికి సుభద్రమ్మ.

"బాగున్నానత్తయ్యా."

"అయితే పదహారు రోజుల పండగ అక్కడే చేద్దాం. వస్తన్నా" అని పెట్టేసింది. తర్వాతి రోజుల్లో కాఫీ వేళకి ఫోన్ రాలేదు.

ఈలోగా లాస్య మాత్రం మెల్లగా మనిషవుతోంది. ఒక్కసారే పూసుకున్నది కాబట్టి ఆమె వాసన ఆమెకి తిరిగొచ్చేస్తుందని డాక్టరు ముందే చెప్పింది. మొదట అతిథిగృహం ఆవరణలో మేసే దుప్పి తల ఎత్తి చూసింది. మర్నాడు రెండడుగులు వెనక్కి వేసింది. ఆ మర్నాడు పారిపోయింది. "ఇక నువ్వు ఊరిదానివే వదినా" అంది గురువమ్మ. వారం తర్వాత ఆమె చేసిన మొదటి ఎకసెక్కెం అదే, లాస్యకి ప్రాణం లేచొచ్చింది. విహారి కూడా ఆమె జుట్టులో ముక్కు పెట్టి, నువ్వు వచ్చేశావ్, నీలాగే ఉన్నావ్ అన్నాడు. అతను నవ్వుతూనే అన్నాడు. ఆమెకి ఎక్కడో కలుక్కుమంది.

సుభద్రమ్మ సాయంత్రం బస్సుకి దిగింది. సన్నగా, పొడుగ్గా, సంచీలో అరిటాకులతో సహా పండగ సామానంతా మోసుకుని. కొడుకుని చూసి, బుగ్గ నిమిరి, చిక్కావేంరా అంది. దగ్గరికి మాత్రం తీసుకోలేదు. తీసుకుంటే ఏం తగులుతుందో ఆమెకి తెలుసు. విహారి కూడా ఒక అడుగు దూరంలోనే ఆగి సంచీ అందుకున్నాడు. వాళ్లిద్దరి మధ్య ఆ ఒక్క అడుగు చూసి లాస్య తలొంచుకుంది. క్షమించమని అడగడానికి నాలుగు రోజులుగా పేర్చుకున్న మాటల్లో మొదటిది అందుకోబోయింది.

"ఏందా జుట్టు, పిచ్చుకగూడు లాగా" అంది సుభద్రమ్మ. "రా, ఇట్టా కూర్చో."

వరండా మెట్ల మీద తను కూర్చుని, కోడలిని కింది మెట్టు మీద కూర్చోబెట్టుకుంది. ఎండ చెట్ల వెనక్కి దిగుతోంది. విహారి లోపల టీ పెడుతున్నాడు, గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. సుభద్రమ్మ చిక్కులు తీస్తూ బస్సులో తన పక్కన కూర్చున్న ఆవిడ గురించి, ఆవిడ కోడిపుంజు గురించి చెబుతోంది. పుంజు ఒంగోలు వెళ్లాలట, ఈ బస్సెక్కిందట. తడుముకుంటూ పాపిడి తీసి, చెవి వెనక జుట్టు పక్కకి లాగింది.

దువ్వెన ఆగింది. మాట ఆగింది.

లాస్య కదలకుండా కూర్చుంది. అత్తగారి ఊపిరి తన చెవి వెనక తగిలింది. ఒకసారి, మళ్లీ ఒకసారి. తర్వాత ఆమె నుదురు వచ్చి లాస్య జుట్టులో ఆనింది. వెచ్చటి తడి మెడ మీదికి జారింది.

కోపమేమో అనుకుంది లాస్య మొదట. తర్వాత, ఒక్కొక్కటే, అర్థమవసాగింది. పెళ్లయినప్పటి నుంచీ ఒకే దిండు మీద రెండు తలలు. అతని దగ్గరికి అప్పుడప్పుడే తిరిగొస్తున్న ఆ నీలిచుక్కల కొద్దిమంది, రోజూ పొద్దున్నే ఆమె అతని చెవి వెనక మొహం దాచుకున్నప్పుడల్లా, ఒకరిద్దరుగా ఇటు వలస వచ్చి ఉంటారు. ఆమె వెంట్రుకల కుదుళ్లలో ఆమెవాళ్లతో పాటే దాక్కుని ఉంటారు. లేపనం పోయాక వాళ్లతో పాటే బయటికొచ్చి ఇల్లు సర్దుకుని ఉంటారు. తనది తనకి తెలియదు కాబట్టి విహారికి తెలియలేదు. ఎన్నడూ ఎరగదు కాబట్టి లాస్యకి తెలియలేదు. తెలిసిన మనిషి ఒక్కరే, ఆమె ఇవాళే బస్సు దిగింది.

ఇక్కడి నుంచి మళ్లీ అతని దగ్గరికి వెళ్తారా, అంత పచ్చిమట్టిలో నిలదొక్కుకుంటారా, డాక్టరు కూడా చెప్పలేకపోవచ్చు. లాస్య తన మెడ మీద తనే చెయ్యి వేసుకోబోయి, పట్టుకుంటే చెదిరిపోతారేమోనని ఆగిపోయింది.

విహారి మూడు టీ గ్లాసులతో గుమ్మంలోకి వచ్చి, ఇద్దర్నీ చూసి నిలబడిపోయాడు.

"ఏమైందమ్మా?"

సుభద్రమ్మ మొహం ఎత్తలేదు. కోడలి తలని రెండు చేతులా ఇంకాస్త దగ్గరికి తీసుకుంది.

"కాసేపు మాట్లాడమాక నాయనా" అంది. "ఇప్పుడే దొరికావు."